పదిమంది కలిసి పెంచే తోట: మడుల నుంచి పేరు పలకల దాకా

స్థలం చూసేటప్పుడు ముందు నీళ్ల కుళాయి ఎంత దూరమో చూడండి. బిందెలు మోయాల్సి వస్తే మొదటి వేసవికే చాలామంది మానేస్తారు. రోజుకు 6 గంటల ఎండ కూడా పడాలి.

మడి వెడల్పు 4 అడుగులు దాటకూడదు. రెండు వైపుల నుంచీ చెయ్యి మధ్యదాకా అందితే మట్టిని ఎవరూ తొక్కరు. తొక్కితే గట్టిపడి వేళ్లకు గాలి ఆడదు. దారి 2 అడుగులు చాలు, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లుంటే 3 అడుగులకు పైనే వదలండి. మట్టి రెండు పాళ్లకు బాగా మాగిన ఎరువు ఒక పాలు. పచ్చి పేడ వేస్తే లేత మొక్కలు మాడిపోతాయి.

పిల్లలకు ముల్లంగి ఇవ్వండి. చిన్న రకాలు 4 వారాల్లో పీకొచ్చు, అంతకుమించి ఆగమన్నా వాళ్లు ఆగరు.

పేరు పలకలకు రంగులేయడం అందరూ కూర్చుని చేసే పని. చెక్కను సాండ్‌పేపర్‌తో రుద్ది ప్రైమర్ (రంగు బాగా పట్టేందుకు ముందుగా వేసే అడుగు పూత) ఒకసారి, ఆరాక యాక్రిలిక్ రంగు, పైన బయట వాడే వార్నిష్ రెండు పూతలు. మట్టిలో దిగే కొసకు పూత వేయకపోతే అక్కడి నుంచే తేమ ఎక్కి రంగు పొరలుగా లేస్తుంది.

గొడవలొచ్చేది నీళ్ల దగ్గరే. ఎవరో పోస్తారులే అనుకుంటే ఎవరూ పోయరు, లేదంటే ముగ్గురు పోసి వేళ్లు కుళ్లబెడతారు. వంతుల పట్టిక కుళాయి పక్కనే తగిలించండి. మట్టిలో వేలు రెండు కణుపుల లోతు గుచ్చి, తడి తగిలితే ఆ పూట నీళ్లు వద్దని దాని మీదే రాయండి.