కుబర్నెటీస్‌లో రాబిట్‌ఎంక్యూ కన్స్యూమర్ డిప్లాయ్ చేసేముందు జాగ్రత్తలు

(రాబిట్‌ఎంక్యూ అంటే ప్రోగ్రామ్‌ల మధ్య మెసేజ్‌లు చేరవేసే బ్రోకర్. వాటిని తీసుకుని పని చేసే ప్రోగ్రామే కన్స్యూమర్; కుబర్నెటీస్ దాన్ని పాడ్‌లలో, అంటే కంటైనర్ల చిన్న గుంపుల్లో, నడుపుతుంది.)

☐ ముందు హార్ట్‌బీట్ (కనెక్షన్ బతికే ఉందని చెప్పడానికి అప్పుడప్పుడు వెళ్లే చిన్న సంకేతం) చూడండి, గొడవలు ఎక్కువగా ఇక్కడే. కదలిక లేని కనెక్షన్‌ని లోడ్ బ్యాలెన్సర్ (మధ్యలో ఉండి ట్రాఫిక్ పంచేది) చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది. డిఫాల్ట్ గడువు ఏడబ్ల్యూఎస్ ఎన్‌ఎల్‌బీలో 350 సెకన్లు, అజూర్ లోడ్ బ్యాలెన్సర్‌లో 4 నిమిషాలు. రాబిట్‌ఎంక్యూ హార్ట్‌బీట్ మామూలుగా 60 సెకన్లే కాబట్టి ఇబ్బంది రాకూడదు. కానీ ఏదో లోపాన్ని కప్పెట్టడానికి ఎవరైనా దాన్ని 0 చేసి, అంటే ఆపేసి, ఉండొచ్చు, కోడ్‌లో వెతకండి. పైథాన్ లైబ్రరీ పికాలో బ్లాకింగ్ కనెక్షన్ అయితే ఇంకో చిక్కు: పని అదే థ్రెడ్‌లో నిమిషాల తరబడి సాగితే హార్ట్‌బీట్ వెళ్లదు, సర్వరే కనెక్షన్ తెంపేస్తుంది. బరువైన పని వేరే థ్రెడ్‌కి అప్పగించండి. యాక్ (మెసేజ్ పని అయిందని బ్రోకర్‌కి చెప్పే జవాబు) మాత్రం కనెక్షన్ ఉన్న థ్రెడ్ నుంచే పంపాలి.

☐ తెగితే మళ్లీ కనెక్ట్ అయ్యే కోడ్ ఉందా? ప్రయత్నాల మధ్య విరామం పెంచుతూ పోవాలి, అందులో కొంత ర్యాండమ్ కలపాలి. లేకపోతే అప్పుడే లేచిన బ్రోకర్ మీద పాడ్‌లన్నీ ఒక్కసారే పడతాయి.

☐ సిగ్‌టెర్మ్ (ఆగిపొమ్మనే సిగ్నల్) వచ్చాక పాడ్‌కి డిఫాల్ట్‌గా 30 సెకన్లే. ఆలోపు కొత్త మెసేజ్‌లు ఆపి, చేతిలోవి ముగించాలి. ఎంట్రీపాయింట్ (కంటైనర్ మొదట నడిపేది) షెల్ స్క్రిప్ట్ అయితే చివర్లో ప్రోగ్రామ్‌ని ఎక్సెక్ కమాండ్‌తో నడుపుతోందో లేదో చూడండి; లేకపోతే సిగ్నల్ మీ ప్రోగ్రామ్‌కి చేరదు.

☐ లైవ్‌నెస్ ప్రోబ్‌లో (పాడ్ బతికుందా అని కుబర్నెటీస్ చేసే తనిఖీ) బ్రోకర్‌ని కలపకండి. బ్రోకర్ కాసేపు పడితే బాగున్న పాడ్‌లు కూడా రీస్టార్ట్ అవుతాయి.

☐ యాక్ చేరేలోపు కనెక్షన్ తెగితే అదే మెసేజ్ మళ్లీ వస్తుంది. డబ్బు కట్ చేసే కోడ్ అయితే, అదే మెసేజ్ రెండోసారి వస్తే ఏమవుతుందో తేలనిదే డిప్లాయ్ వద్దు.

☐ స్టేజింగ్‌లో (అసలు సిస్టమ్‌కి ముందు పరీక్షించే చోటు), లోడ్ నడుస్తుండగా, బ్రోకర్ పాడ్‌ని డిలీట్ చేసి లాగ్‌లు చూడండి.