నోట కరుచుకుని తిరిగే కుక్క: సమస్య – పరిష్కారం

చెప్పు, సాక్సు, టీవీ రిమోట్, విప్పి పడేసిన బనీను. ఇంట్లో కుక్క ఉంటే వీటిలో ఏదో ఒకటి పూటకోసారి మాయమవుతూనే ఉంటుంది. అరిచి లాక్కోబోయే ముందు రెండు సంగతులు చూడండి. వస్తువును ఎక్కడికి తీసుకెళ్తోంది? మీరు దగ్గరికెళ్తే ఏం చేస్తోంది? సగం కారణం అక్కడే తెలిసిపోతుంది.

సమస్య: మీరు గుమ్మంలోకి రాగానే ఏదో ఒకటి కరుచుకుని ఎదురొస్తుంది

కారణం: సంబరం. ల్యాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్లకు ఇది మరీ ఎక్కువ. వేటగాడు కొట్టిన బాతును చెక్కుచెదరకుండా తెచ్చి చేతికివ్వడం కోసమే ఈ జాతుల్ని ఏరి ఏరి పెంచారు. గోల్డెన్ రిట్రీవర్ జాతికి మూలమైన తొలి పిల్లలు 1868లో స్కాట్లాండ్‌లో, లార్డ్ ట్వీడ్‌మౌత్ ఎస్టేట్‌లో పుట్టాయి. మన అపార్ట్‌మెంట్లలో బాతులు లేవు, చెప్పులున్నాయి. గమనిస్తే నోరు వదులుగా ఉంటుంది, తోకతో పాటు నడుమూ ఊగుతుంది, చెప్పు మీద పంటి గాటు కూడా పడదు.

పరిష్కారం: మాన్పించాల్సిన పనే లేదు. చెప్పులు స్టాండులో పెట్టి, గుమ్మం పక్కన దాని బొమ్మ ఒకటి ఉంచండి. మీదకెగిరి పంజాలతో గీరే కుక్క కంటే నోట్లో బొమ్మ పెట్టుకున్న కుక్క ఎంతో నయం.

సమస్య: వస్తువు తీసి, మీ వంక చూసి, పరుగు లంకించుకుంటుంది

కారణం: ఆట. మధ్యాహ్నమంతా దాన్ని పలకరించని ఇంటిల్లిపాదీ, రిమోట్ నోట్లోకి వెళ్ళగానే సోఫా చుట్టూ తిరుగుతారు. దాని లెక్కలో ఇంతకంటే మంచి బొమ్మ దొరకదు. బజారులో కొన్న బొమ్మ తీస్తే ఎవరూ వెంటపడరు మరి.

పరిష్కారం: వెంటపడకండి. కష్టమే, అయినా నిలబడండి. ఉడికించిన చికెన్ ముక్క దాని ముక్కు దగ్గరికి తెచ్చి, నేల మీద పెట్టండి. తినడానికి నోరు తెరిచే క్షణంలో "వదులు" అనండి. అది ముక్క నములుతుండగానే వస్తువు మీద చెయ్యి వేయకండి. ఇంకో రెండు ముక్కలు కాస్త దూరంగా విసిరి, అటు వెళ్ళాక తీసుకోండి. బొమ్మలాంటి ప్రమాదం లేని వస్తువైతే ఒక్కోసారి తిరిగి దానికే ఇచ్చేయండి. ఇస్తే పోదని తెలిసిన కుక్క ఇవ్వడానికి వెనకాడదు. ఇంట్లో అందరిదీ ఒకే మాట కావాలి. తాతగారు "ఛీ ఛీ", పిల్లలు "డ్రాప్", మీరు "వదులు" అంటే దానికేం అర్థమవుతుంది?

రోజూ నడకలో దాన్ని తీరిగ్గా వాసన చూడనివ్వండి. చాలా ఇళ్ళలో అసలు రోగం తోచకపోవడమే.

సమస్య: మీ మాసిన బట్టలే పక్కలోకి లాక్కెళ్తుంది

కారణం: మీ వాసన. పరిష్కారం: పాత టీషర్టు ఒకటి దానికే వదిలేసి, మాసిన బట్టల బుట్టకు మూత పెట్టండి. మీరు లేనప్పుడు ఏడవడం, తలుపు గీరడం కూడా ఉంటే అది ఒంటరిగా ఉండలేని భయం. కొద్ది నిమిషాల నుంచి మొదలుపెట్టి మెల్లగా అలవాటు చేయాలి.

సమస్య: నాలుగైదు నెలల పిల్ల, కనిపించిందల్లా కొరుకుతుంది

కారణం: 28 పాలపళ్ళు ఊడి 42 పళ్ళు వచ్చే కాలం, చిగుళ్ళు సలుపుతాయి. పరిష్కారం: తడి గుడ్డ ముడివేసి ఫ్రిజ్‌లో చల్లబరిచి, మీరు చూస్తుండగా ఇవ్వండి. ఏడో నెలకు చాలావరకు తగ్గుతుంది.

సమస్య: ఆడకుక్క బొమ్మల్ని మంచం కింద పోగేసి కాపలా కాస్తుంది

కారణం: ఉత్తుత్తి చూలు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని కుక్కల్లో, హీట్ (ఎద) అయిపోయిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు, మగకుక్కతో కలవకపోయినా రావచ్చు. ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ తగ్గి, పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ హార్మోన్ పెరగడంతో రొమ్ములు వాస్తాయి, పాలు కూడా పడవచ్చు. ఆ బొమ్మ దాని కంటికి పిల్ల.

పరిష్కారం: పాలు పిండకండి, పిండితే ఇంకా వస్తాయి. అది బయట నడకకు వెళ్ళినప్పుడు వస్తువులు ఒక్కొక్కటే తీసేయండి. మామూలుగా రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది. రొమ్ము గట్టిపడి వేడిగా ఉన్నా, తిండి మానేసినా డాక్టరుకు చూపించండి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఇదంతా తగ్గాకే.

సమస్య: దగ్గరికెళ్తే ఒళ్ళు బిగించి గుర్రుమంటుంది

కారణం: లాక్కుంటారన్న భయం. పరిష్కారం: గుర్రుమన్నందుకు కొట్టకండి. ఆ హెచ్చరిక మాన్పిస్తే తర్వాత హెచ్చరించకుండానే కరుస్తుంది. పిల్లల్ని దూరంగా ఉంచండి, పైన చెప్పినట్టు చికెన్ ముక్క ఇచ్చి వస్తువు తీసుకునే మార్పిడి పాటించండి, తగ్గకపోతే కుక్కల ప్రవర్తన తెలిసినవారిని పిలవండి.

సమస్య: మోసేది కాస్తా మింగేసింది

మట్టి, సున్నం కూడా తింటుంటే నులిపురుగులు, రక్తహీనత ఉన్నాయేమో పరీక్ష చేయించండి. సాక్సు, మామిడి టెంక, మొక్కజొన్న కండె పేగులో అడ్డుపడవచ్చు. పదే పదే వాంతులు, తిండి ముట్టకపోవడం, ముక్కినా విరేచనం కాకపోవడం కనిపిస్తే ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళాలి. బటన్ బ్యాటరీ, మాత్రల స్ట్రిప్ అయితే లక్షణాల కోసం ఎదురుచూడకండి. ఉప్పునీళ్ళు తాగించి కక్కించొద్దు. దారం, గుడ్డ పీలిక మలద్వారం దగ్గర వేలాడినా లాగొద్దు, లోపల పేగు కోసుకుపోతుంది. గుడ్డ ఎక్స్‌రేలో స్పష్టంగా కనపడకపోవచ్చు, కాబట్టి ఇంట్లో మిగిలిన రెండో సాక్సు డాక్టరుకు చూపించడానికి పట్టుకెళ్ళండి.