పాత కారు కొంటున్నారా? ఆర్సీ మీ పేరుకు మారేదాకా చేయాల్సిన పనులు

డబ్బులిచ్చి తాళాలు పుచ్చుకున్నంత మాత్రాన కారు మనదైపోదు. రవాణా శాఖ రికార్డులో, ఆర్సీలో (రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్) పేరు మారాలి. ఆ మార్పుకు ఏమేం కాగితాలు కావాలో ముందే తెలుసుకుని బేరానికి వెళ్లండి. వాటిలో ఏది కుదరకపోయినా, ఎంత చవగ్గా వస్తున్నా ఆ బండి వద్దు.

అడ్వాన్సు ఇవ్వకముందే బండి నంబరును ప్రభుత్వ రవాణా యాప్ ఎంపరివాహన్‌లో కొట్టి చూడండి. రిజిస్ట్రేషన్ తేదీ, ఇన్సూరెన్స్ గడువు, బండి మీద ఫైనాన్స్ (అప్పు) ఉందో లేదో తెలుస్తాయి. చలానాలు ఉంటే అమ్మేవారితోనే కట్టించండి. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద చూసి ఆర్సీతో అక్షరం అక్షరం సరిపోల్చుకోండి. "బండి మా బావగారిది, సంతకం నేను తెచ్చిస్తాను" అంటే ఆ బావగారిని కలిసేదాకా రూపాయి ఇవ్వొద్దు. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే చెల్లుతుంది. అందువల్ల పదమూడు, పద్నాలుగేళ్ల బండి కొనేవారు రెన్యువల్ ఖర్చునూ ధరలో లెక్క వేసుకోవాలి.

గోదావరి జిల్లాల్లో కాగితాలు బాగున్నంత మాత్రాన సరిపోదు, నీటి సంగతి కూడా చూడాలి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దాటింది, కోనసీమ లంకలు మునిగాయి. అలా నీళ్లలో నానిన బండిని కడిగి కొత్త సీటు కవర్లు వేస్తే పైకి ఏమీ తెలియదు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, లోపలి భాగంలో ఒండ్రు చార ఉంటే విషయం అర్థమవుతుంది. కార్పెట్ ఎత్తి చూడండి. సీటు కింది బోల్టులు, స్టెప్నీ ఉండే గుంట తుప్పు పట్టాయేమో చూడండి. అద్దాలన్నీ మూసి కాసేపు ఏసీ వేస్తే ముక్కిన వాసన బయటపడుతుంది, సెంటు ఘాటుగా కొట్టి ఉంటే నాకైతే అనుమానమే. వైరింగ్ జాయింట్లలోకి, కంప్యూటర్ బోర్డులోకి చేరిన నీరు వెంటనే కాక, నెలల తర్వాత కూడా దెబ్బ తీయవచ్చు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలిలో, భీమవరం చుట్టుపక్కల ఉప్పునీటి చెరువుల గట్ల మీద తిరిగిన బండ్లకు అడుగుభాగం త్వరగా తుప్పు పడుతుంది. అమ్మేవారి మెకానిక్‌ను కాకుండా మీకు తెలిసిన మెకానిక్‌ను తీసుకెళ్లి, బండిని ర్యాంపు ఎక్కించి చూపించండి. అతనికిచ్చే డబ్బులు దండగ కావు.

ఇక దరఖాస్తు. ఫారం 29 అమ్మినట్టు తెలియజేసేది, రెండు ప్రతులు కావాలి. ఫారం 30 మీద ఇద్దరూ సంతకాలు పెట్టాలి. వీటితోపాటు ఒరిజినల్ ఆర్సీ, గడువున్న ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, ఆధార్ వంటి చిరునామా రుజువు, పాన్ కార్డు సిద్ధం చేసుకోండి. పాన్ లేకపోతే ఫారం 60 ఇవ్వాలి. పరివాహన్ పోర్టల్లో యాజమాన్య బదిలీ సేవ ఎంచుకుని, ఫీజు కట్టి, రసీదు దాచుకోండి. ఓటీపీ రికార్డులో ఉన్న ఫోన్ నంబరుకే వస్తుంది కాబట్టి, అమ్మేవారి నంబరు ఇప్పటికీ వాడుకలో ఉందో లేదో బేరమప్పుడే అడగండి. రాష్ట్రంలోపలి అమ్మకమైతే అమ్మినవారు 14 రోజుల్లో తెలియజేయాలి, కొన్నవారు 30 రోజుల్లో దరఖాస్తు చేయాలి.

అప్పు తీరినా ఆర్సీలో ఫైనాన్స్ అలాగే ఉండిపోవచ్చు. దాన్ని తీయించడానికి బ్యాంకు ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఫారం 35 కావాలి. అమ్మకానికి ముందే ఆ పని చేయించండి. హైదరాబాదు బండి చవగ్గా కనిపిస్తే తొందరపడకండి. అక్కడి ఆఫీసు నుంచి ఫారం 28 మీద ఎన్ఓసీ తేవాలి, ఇక్కడ ఆంధ్రప్రదేశ్‌లో లైఫ్ ట్యాక్స్ కట్టి కొత్త నంబరు తీసుకోవాలి. అవన్నీ కలిపితే చవక ఎంత మిగులుతుందో చూసుకోండి. యజమాని చనిపోయి ఉంటే వారసుల పేరు మీదికి ఫారం 31తో మార్చాకే కొనాలి. డీలరు దగ్గరైతే, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన నిబంధనల ప్రకారం అతనికి రవాణా శాఖ అనుమతి ఉందో లేదో అడగండి.

ఇన్సూరెన్స్ పేరు మార్పు వేరే పని. దానికి 14 రోజుల్లో బీమా కంపెనీకి దరఖాస్తు పెట్టాలి. ఎదుటివారికి జరిగే నష్టానికి వర్తించే బీమా బండితోపాటే వస్తుంది కానీ, పాలసీలో పేరు మారకపోతే మీ కారు దెబ్బతిన్నప్పుడు క్లెయిము చిక్కుల్లో పడుతుంది. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పాత యజమానిది, బండితో రాదు. తేడా ప్రీమియం మీరే కట్టాలి.

అమ్మేవారికీ ఒక మాట: తేదీ, కొనేవారి పేరు లేని ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి ఇవ్వకండి. రికార్డులో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారానికి వారే బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది. సంతకం చేసిన ఫారాల జిరాక్సు, కొన్నవారి ఆధార్ ప్రతి దగ్గర ఉంచుకుని, నెల తర్వాత యాప్‌లో పేరు మారిందో లేదో చూసుకోండి. మారకపోతే ఆ కాగితాలతో రవాణా కార్యాలయానికి వెళ్లి బండి అమ్మేసినట్టు రాతపూర్వకంగా తెలియజేయండి.