చిన్న పురపాలక సంఘంలో నడుస్తున్న పనులనూ, కార్యాలయ వ్యవహారాలనూ దారిలో పెట్టడం ఎలా?

మున్సిపల్ కమిషనర్‌గా కొత్తగా బాధ్యతలు తీసుకున్నవారికైనా, తొలిసారి గెలిచి చైర్‌పర్సన్ కుర్చీలో కూర్చున్నవారికైనా మొదట ఎదురయ్యేవి సగంలో ఆగిన పనులే. ఒక వైపు మాత్రమే కట్టి వదిలేసిన మురుగు కాలువ, శ్లాబు దాకా వచ్చి నిలిచిపోయిన భవనం, బిల్లు రాలేదని కాంట్రాక్టరు వదిలి వెళ్లిన సిమెంటు రోడ్డు ప్రతి పట్టణంలోనూ కనిపిస్తాయి. కొత్త శంకుస్థాపనలకు తేదీలు చూసే ముందు వీటి లెక్క తేల్చుకోవాలి.

మొదటి మెట్టు: పనుల చిట్టా

ఇంజనీరింగ్ విభాగం నుంచి అన్ని పనుల వివరాలూ ఒకే పట్టికలోకి తెప్పించుకోవాలి. ప్రతి పనికీ వార్డు, అంచనా విలువ, ఏ నిధి నుంచి ఖర్చవుతుంది, పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి, ఒప్పందం జరిగిన తేదీ, పూర్తి కావలసిన గడువు, ఇంతవరకు చెల్లించిన మొత్తం ఉండాలి. వీటికి తోడు చాలా పట్టికల్లో కనిపించని రెండు గడులు తప్పనిసరిగా చేర్చాలి. కొలతల పుస్తకంలో, అంటే అందరూ ఎం-బుక్ అని పిలిచే దానిలో, చివరిసారి కొలతలు నమోదైన తేదీ ఒకటి. తరువాతి అడుగు ఎవరు, ఏ తేదీలోగా వేయాలన్నది రెండవది. "పురోగతిలో ఉంది" అని రాసి ఉన్న పనికి నాలుగు నెలలుగా ఎం-బుక్‌లో ఒక్క గీత కూడా పడకపోతే, ఆ పని ఆగిపోయిందనే అర్థం చేసుకోవాలి.

పట్టిక చేతికి వచ్చాక దాన్ని పట్టుకుని సహాయ ఇంజనీరుతో కలిసి స్థలానికి వెళ్లాలి. అక్కడ చూసినదాని ప్రకారం పనులను విడదీస్తే ఏది ఎక్కడ ఆగిందో తెలుస్తుంది: పని పూర్తయి బిల్లు మాత్రమే మిగిలినవి, నిజంగా నడుస్తున్నవి, ఒప్పందమై మొదలే కానివి, మంజూరై టెండరుకు వెళ్లనివి. పూర్తయినవాటి తుది బిల్లులను ముందుగా తేల్చడం మంచిది. పాత బిల్లు అందని కాంట్రాక్టరు కొత్త టెండరు వైపు చూడడు, చూసినా ఆ ఆలస్యానికి కూడా ధర కలిపే కోట్ చేస్తాడు. గడువు దాటిన పనులకు పొడిగింపు ఉత్తర్వు లేకుండా బిల్లు చెల్లిస్తే ఆడిట్ అభ్యంతరం వస్తుంది కాబట్టి, కాంట్రాక్టరు దరఖాస్తును గడువు ముగియకముందే తీసుకోవాలి.

డబ్బు ఏ పద్దుదో తెలుసుకోవడం

సాధారణ నిధి, ఆర్థిక సంఘం గ్రాంటు, పట్టణాల నీటి సరఫరాకు కేంద్రం తెచ్చిన అమృత్ 2.0 వంటి పథకాల నిధులు ఒకే కార్యాలయానికి వచ్చినా, ఒకదాని అవసరానికి ఇంకొకటి వాడే వీలు లేదు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పది లక్షల లోపు జనాభా గల పట్టణాలకు సిఫారసు చేసిన గ్రాంటులో 60 శాతాన్ని తాగునీరు, పారిశుధ్యం, ఘన వ్యర్థాల నిర్వహణలకే ముడిపెట్టింది. చేతిలో డబ్బు ఉంది కదా అని దాన్ని రోడ్డుకు ఖర్చు చేయడం కుదరదు. ఖర్చయిన సొమ్ముకు వినియోగ ధ్రువపత్రం పంపడంలో జాప్యం జరిగితే తరువాతి వాయిదాకు అడ్డు పడుతుంది. కాబట్టి ఈ పత్రాల గడువులను కూడా అకౌంట్స్ విభాగం పనుల చిట్టాలోనే రాయాలి. సాధారణ నిధికి ఆధారం ప్రధానంగా ఆస్తి పన్ను, నీటి చార్జీలు. బిల్ కలెక్టర్లవారీగా వసూలును నెలకోసారైనా చూడకుండా మార్చి దాకా వదిలేస్తే, ఆ ఒక్క నెల హడావిడిలో మిగిలిన పనులన్నీ పక్కకు పోతాయి.

వరుస, కాలం

ఒక వీధిలో మూడు పనులు మంజూరైతే ముందు నీటి పైపు, ఆ తరువాత కాలువ, చివరికి రోడ్డు వేయాలి. ఇది అందరికీ తెలిసిందే, అయినా వేర్వేరు పద్దుల నిధులు వేర్వేరు నెలల్లో రావడం వల్ల ఈ వరుస తరచూ తప్పుతుంది. నిధి ముందే వచ్చినా రోడ్డును ఆపి ఉంచే ధైర్యం కమిషనర్‌కు ఉండాలి. కాలువల పూడికతీత జూన్‌లోపు పూర్తి కావాలి, తారు రోడ్లను వానాకాలం దాటాకే పెట్టుకోవాలి. ఎన్నికల నియమావళి అమల్లోకి వస్తే క్షేత్రంలో అప్పటికే మొదలైన పనులు కొనసాగుతాయి గానీ, పని ఉత్తర్వు ఇచ్చి ఉన్నా మొదలు కానివాటిని ప్రారంభించరాదు.

దస్త్రాల సంగతి

తపాలాలో వచ్చిన ప్రతి కాగితానికీ సంఖ్య వేసి, సంబంధిత గుమాస్తా పర్సనల్ రిజిస్టరులో ఎక్కించడం పాత పద్ధతే. దస్త్రాలను కంప్యూటరులో నడిపే ఈ-ఆఫీసు వచ్చినా ఆ రిజిస్టరు అవసరం తీరలేదు. మేనేజరు వారానికోసారి ఈ రిజిస్టర్లను తనిఖీ చేసి పెండింగు జాబితా కమిషనర్‌కు ఇవ్వాలి. కొన్ని నెలల దాకా చర్య అవసరం లేని దస్త్రాల కోసం ఉద్దేశించిన కాల్ బుక్, కష్టమైన దస్త్రాలను దాచే చోటుగా మారకుండా చూడాలి. కోర్టు కేసుల్లో కౌంటరు, అంటే మన తరఫు జవాబు, దాఖలు చేయాల్సిన తేదీలు, సమాచార హక్కు దరఖాస్తుల 30 రోజుల గడువు, సోమవారం ఫిర్యాదుల స్వీకరణలో ప్రజల నుంచి వచ్చే అర్జీలు విడిగా ఒక పుటలో ఉంటే మరుపు ఉండదు.

వారానికి ఒక సమీక్ష చాలు, అదీ గంటకు మించనవసరం లేదు. ఇంజనీరింగ్, పట్టణ ప్రణాళిక, రెవెన్యూ, పారిశుధ్య విభాగాల వారు తమ పట్టికలో గత వారం నుంచి మారని గడుల గురించి మాత్రమే చెప్పాలి. మారినవి ఎలాగూ కాగితం మీదే కనిపిస్తాయి. కౌన్సిల్ అజెండాలోకి వెళ్లే అంశాలను కూడా ఇక్కడే తేల్చుకుని, ప్రతి అంశానికీ నిధి లభ్యతను రాసి పంపితే, చివరి నిమిషంలో చేర్చే అంశాలు, వాటి మీద గొడవలు తగ్గుతాయి.

బదిలీ ఉత్తర్వు ఎప్పుడైనా రావచ్చు. కాబట్టి ఇదే చిట్టాకు కోర్టు కేసుల పుటను, కాంట్రాక్టర్ల బ్యాంకు గ్యారంటీల గడువు తేదీలను, ఎవరి దగ్గర ఏ ఎం-బుక్ ఉందో తెలిపే జాబితాను జతచేసి, వచ్చే అధికారికి సంతకం తీసుకుని అప్పగించాలి.