మత్తుమందును పట్టే రంగు పరీక్ష: సీసాను ఎలా దాచాలి, చుక్కను ఎంతవరకు నమ్మాలి?

వరంగల్ ఎండాకాలం దాటిన పరీక్ష సీసాను జూన్‌లో బయటకు తీస్తున్నారా? అనుమానపు పొడి జోలికి వెళ్లే ముందు మందుల దుకాణంలో ఒక ఆస్పిరిన్ మాత్ర కొనుక్కోండి. నీళ్లలో వేస్తే పొంగే రకం వద్దు, అందులోని కార్బొనేట్ ఆమ్లం తగలగానే నురగ కక్కుతుంది. మామూలు మాత్ర తీసుకుని, పైపూత ఉంటే గీకేసి, లోపలి తెల్లపొడి మీద సీసాలోని మార్క్విస్ ద్రావణం, అంటే మత్తుమందు తగిలితే రంగు మారే ఆమ్లం, ఒక్క చుక్క వేయండి. కాసేపటికి ముదురు ఎరుపు రావాలి. రాకపోతే ఆ సీసా చచ్చిపోయిందన్నమాట. చచ్చిపోయిన సీసా ఏ పొడి మీద వేసినా రంగు చూపదు. రంగు రాలేదు కాబట్టి అందులో ఏమీ లేదని చూసినవాళ్లు అనుకుంటారు. ఈ పరీక్షల్లో నాకు అన్నింటికన్నా భయం కలిగించేది ఇదే.

ఈ మాట నేను అనుభవంతో చెబుతున్నాను. హనుమకొండలో ఒక కళాశాల రసాయనశాలలో పనిచేసే రోజుల్లో వేసవి సెలవులకు ముందు ఒక సీసాను కిటికీ పక్క అల్మరాలో పెట్టి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి నీళ్లలా ఉండాల్సిన ద్రావణం గోధుమ రంగుకు తిరిగింది. మూత లోపలి ప్లాస్టిక్ పెళుసుబారింది. ఆస్పిరిన్ మీద వేస్తే మురికి మరక తప్ప మరేమీ రాలేదు. ఆ సీసా మరొకరి చేతిలో పడి ఉంటే ఏమయ్యేదో అన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదల్లేదు.

మార్క్విస్ ద్రావణమంటే గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కాస్త ఫార్మాల్డిహైడ్ కలిపినది. ఇప్పటి ఎస్టోనియాలో ఉన్న డోర్పాట్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మార్క్విస్ 1896లో దీన్ని వివరించాడు. అంతకు పదమూడేళ్ల ముందు అక్కడే మాండెలిన్ అనే ఆయన తన పేరుతోనే పిలిచే మరో ద్రావణం చేశాడు. ఇప్పటికీ పోలీసుల కిట్లలోనూ, వాడేవాళ్ల ప్రాణం కాపాడాలని పనిచేసే సంస్థల కిట్లలోనూ ఉండేవి ఆ వంశపు సీసాలే. వీటిని ఇంట్లో తయారుచేసే ప్రయత్నం చేయకండి. పాళ్లు తప్పితే రంగు తప్పుతుంది, చేయి జారితే కళ్లు పోతాయి.

ఎండ, తేమ, ఫ్రిజ్

ఈ ద్రావణాలకు శత్రువులు మూడు: వేడి, వెలుతురు, తేమ. మన ప్రాంతంలో ఆ మూడింటికీ కొదవ లేదు. మే నెలలో రామగుండంలో 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. రేకుల కింద గదైతే రాత్రి కూడా చల్లబడదు. అందుకే సీసా చోటు ఫ్రిజ్‌లోనే. అయితే కూరగాయల పక్కన ఆమ్లపు సీసా పెట్టమని నేను చెప్పను. ముందు సీసాను దాని సొంత పెట్టెలో నిలువుగా ఉంచండి. ఆ పెట్టెను గట్టి మూత ఉన్న గాజు జాడీలో పెట్టండి. పచ్చళ్లు పెట్టుకునే జాడీ లాంటిదైతే చాలు, కానీ దాన్ని మళ్లీ పచ్చడికి వాడకూడదు. జాడీ అడుగున వంటసోడా పోస్తే, ఒకవేళ చుక్క కారినా దాని ఆమ్లగుణం అక్కడికక్కడే విరిగిపోతుంది. జాడీ మీద పెద్ద అక్షరాలతో తెలుగులో ‘ఆమ్లం, ముట్టుకోవద్దు’ అని రాయండి. పక్కన పుర్రె బొమ్మ వేయండి, ఇంట్లో చదవడం రానివాళ్లూ ఉంటారు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ ఫ్రిజ్‌కు తాళం లేకపోతే కిట్టును ఆ ఇంట్లో పెట్టనే వద్దు.

మన ఇళ్లలో ఫినాయిలు, కిరోసిను పాత నీళ్ల సీసాల్లో పోసి ఉంచే అలవాటు ఉంది. ఈ ద్రావణాన్ని మాత్రం వచ్చిన గాజు సీసాలోంచి మరో దానిలోకి మార్చకండి. మామూలు ప్లాస్టిక్‌ను, రబ్బరు డ్రాపర్‌ను గాఢ ఆమ్లం తినేస్తుంది.

ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే మూత తిప్పకూడదు. చల్లటి సీసాకు వానాకాలపు గాలి తగిలితే నీటిబిందువులు పడతాయి. సల్ఫ్యూరిక్ ఆమ్లం ఆ నీటిని ఆత్రంగా పీల్చుకుని బలహీనపడుతుంది. అరగంట బయట ఉంచి, సీసా గది వేడికి వచ్చాక, పైన తుడిచి తెరవండి. పని కాగానే మూత బిగించండి. రెండు సీసాల మూతలు ఒకసారి తారుమారైతే రెండూ పాడైనట్టే.

సీసా మీద తెరిచిన తేదీ రాసిపెట్టండి. కరెంటు గంట పోతే కంగారు అక్కర్లేదు కానీ, ఊరెళ్లి ఫ్రిజ్ ఆపేసి ఉంటే మాత్రం ఆస్పిరిన్ పరీక్ష మళ్లీ చేయాలి. మార్క్విస్ గులాబీకో గోధుమకో తిరిగినా, పసుపుగా ఉండాల్సిన మాండెలిన్ ఆకుపచ్చకు తిరిగినా గడువు తేదీ చూడకుండా పక్కన పెట్టేయండి.

చుక్క వేసే పద్ధతి

పగటి వెలుతురులో, కిటికీలు తెరిచిన గదిలో కూర్చోండి. ఫ్యాను ఆపండి, పొడి ఎగురుతుంది. చేతికి నైట్రైల్ తొడుగులు, కంటికి అద్దాలు ఉండాలి. పక్కన బకెట్ నీళ్లు, వంటసోడా పొట్లం పెట్టుకోండి. పరీక్షకు తెల్ల పింగాణీ పళ్లెం వాడండి. స్టీలు గిన్నె, ప్లాస్టిక్ పళ్లెం, కాగితం పనికిరావు.

ముందుగా ఖాళీ పళ్లెం మీద ఒక చుక్క. రంగు మారితే పళ్లెం శుభ్రంగా లేనట్టు. తర్వాత మరోచోట ఆస్పిరిన్ మీద ఒక చుక్క. ఆ రెండూ సరిగ్గా ఉన్నాకే మూడో చోట అసలు నమూనా. ఆవగింజంత అక్కర్లేదు, గసగసం గింజంత చాలు. ఎక్కువ వేస్తే రంగు నల్లగా ముద్దకట్టి ఏమీ కనిపించదు. మాత్ర అయితే ఒక మూల గీకితే సరిపోదు, మందు మాత్రంతటా సమంగా కలిసి ఉండదు. మొత్తం నూరి కలిపి, అందులోంచి తీయాలి.

సీసా మూతి పొడికి తగలకుండా పైనుంచి చుక్క వదలండి. మొదటి ఐదు సెకన్లలో వచ్చిన రంగు, అర నిమిషానికి ఉన్న రంగు, నిమిషానికి ఉన్న రంగు ఈ మూడూ రాసుకోండి. ఫోనులో వీడియో తీస్తే ఇంకా మంచిది. నిమిషం దాటాక వచ్చే మార్పును లెక్కలోకి తీసుకోకండి, గాలిలోని తేమతో ఆమ్లం దానంతటదే రంగు మారుతుంది.

చర్మం మీద పడితే తుడుస్తూ కూర్చోకుండా పదిహేను, ఇరవై నిమిషాలు ధారగా నీళ్లు పోయాలి. కంట్లో పడితే నీళ్లతో కడుగుతూనే ఆసుపత్రికి బయలుదేరాలి.

ఒక మాట దాచకుండా చెప్పాలి. 1985 నాటి ఎన్‌డీపీఎస్ అనే మాదకద్రవ్యాల చట్టం కింద మత్తుమందు కొద్దిగా దగ్గర ఉన్నా నేరమే. పరీక్ష కోసం ఉంచుకున్నాననే వాదన కాపాడదు. ఇతరుల నమూనాలు దాచిపెట్టే పని పెట్టుకోకండి. అదే చట్టంలోని 64ఏ సెక్షన్ మాత్రం కొద్ది పరిమాణంతో పట్టుబడిన వ్యసనపరుడు ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట తనంతట తాను చికిత్సకు ముందుకొస్తే విచారణ నుంచి మినహాయింపు పొందే వీలు కల్పిస్తోంది. తల్లిదండ్రులకు ఈ సెక్షన్ తెలిసి ఉండాలి.

రంగు ఏం చెబుతుంది?

మార్క్విస్‌తో హెరాయిన్ ఊదా కలిసిన ఎరుపు, కోడీన్ ముదురు ఊదా, మెథాంఫెటమైన్ నారింజ ఎరుపు నుంచి గోధుమ, ఎక్స్టసీ అని పిలిచే ఎండీఎంఏ నలుపు చూపుతాయి. కానీ నలుపు అన్నింటినీ కప్పేస్తుంది. ఎండీఎంఏతో పాటు మరొకటి కలిపి ఉంటే ఈ ఒక్క చుక్కకు తెలియదు. అందుకే రెండు, మూడు రకాల ద్రావణాలు వేరువేరు చోట్ల వేసి చూస్తారు. కొకైన్‌కు నీలం చూపే కోబాల్ట్ థయోసయనేట్, దంత వైద్యులు వాడే లిడోకైన్‌కు కూడా నీలం చూపుతుంది. ఎల్‌ఎస్‌డీ అనే భ్రమలు కలిగించే మత్తుమందు పేరుతో వచ్చిన కాగితం ముక్క మీద ఎర్లిక్ అనే మరో ద్రావణం ఊదా రంగు ఇవ్వకపోతే అది వేరే పదార్థం కావచ్చు, ఇంకా ప్రమాదకరమైనదీ కావచ్చు. ఇక్కడ రంగు రాకపోవడమే హెచ్చరిక.

ఏ రంగూ మోతాదు చెప్పదు. స్వచ్ఛత చెప్పదు. ‘సురక్షితం’ అన్న రంగు ఏ పట్టికలోనూ లేదు. పోలీసులు చేసినా ఇది ప్రాథమిక పరీక్షే. ఆ పదార్థం ఏమిటో తేల్చాల్సింది ఫోరెన్సిక్ ప్రయోగశాల.

కల్తీ కల్లు సంగతి వేరు

ఉత్తర తెలంగాణలో ఈ విషయం రాస్తూ కల్లు ఊసెత్తకపోతే రాసినట్టే కాదు. మన దగ్గర చాలా కుటుంబాలను కూల్చింది తెల్లపొడి కాదు, అల్ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి నిద్రమందులు కలిపిన కల్లు. ఈ కిట్టుతో కల్లును పరీక్షించవచ్చా అని అడుగుతారు. మార్క్విస్‌తో వద్దు, ఎప్పుడూ వద్దు. కల్లులో నీరు ఉంటుంది, గాఢ ఆమ్లం పడితే సలసల కాగి ముఖం మీదికి చిందుతుంది. పైగా కల్లులో చక్కెర ఉంటుంది. చక్కెర ఈ ఆమ్లంలో ఎలాగూ ముదురు గోధుమకు తిరుగుతుంది, ఏ కల్తీ లేని ఈత కల్లయినా సరే.

అల్ప్రజోలం, డైజిపాం చెందిన బెంజోడయాజిపైన్ల కోసం వేరే పరీక్ష పట్టీలు ఉన్నాయి. వాటిని చదవడంలో చాలామంది పొరబడతారు. గర్భనిర్ధారణ పట్టీలో రెండు గీతలంటే ‘ఉంది’ అని అలవాటు. ఇక్కడ దానికి తిరగబడి, ఒకే గీత వస్తే ‘ఉంది’, రెండు వస్తే ‘దొరకలేదు’. దొరకలేదంటే లేదని కాదు. ఈ పట్టీలు మొదట మూత్రం కోసం చేసినవి, పుల్లటి కల్లులో అంతే నమ్మకంగా పనిచేస్తాయని అనుకోకండి. క్లోరల్ హైడ్రేట్‌ను అవి పట్టనే పట్టవు.

పట్టీ ఒకే గీత చూపిందని రోజూ తాగే మనిషి చేతిలోని సీసాను ఒక్కసారిగా లాక్కోకూడదు. అల్ప్రజోలానికి అలవాటుపడ్డ ఒంటికి అది హఠాత్తుగా అందకపోతే ఫిట్స్ వస్తాయి, మతి చెదురుతుంది, ప్రాణం మీదికి రావచ్చు. ఇంట్లోవాళ్లు ఆయనను వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రి మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లి, అక్కడి వైద్యుల చేతుల మీదుగా మందుతో మెల్లగా తగ్గించాలి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 14446కు ఫోను చేయవచ్చు, అది వ్యసన విముక్తికి జాతీయ సహాయ నంబరు.

పారేయడం

మిగిలిన చుక్కలను, చచ్చిన సీసాను చెత్తబుట్టలో వేయకండి. తెల్లవారి ఆ బుట్టను చేత్తో ఎత్తేది పారిశుద్ధ్య కార్మికులు. ప్లాస్టిక్ బకెట్‌లో చాలా నీళ్లు తీసుకుని, అందులో ఆమ్లాన్ని చుక్కచుక్కగా వదలండి. ఆమ్లంలోకి నీళ్లు ఎప్పుడూ పోయకూడదు. తర్వాత నురగ ఆగేవరకు వంటసోడా చల్లండి. సీసాలో ఎక్కువే మిగిలి ఉంటే దగ్గర్లోని కళాశాల రసాయనశాలలో ఎవరినైనా అడిగి వాళ్లకు అప్పగించండి.

ఎవరైనా ఇప్పటికే ఏదో మింగి, పిలిస్తే పలకకుండా, శ్వాస మెల్లబడి పడి ఉంటే ఆ పొడి ఏమిటో తేల్చేందుకు కిట్టు తెరవకండి. 108కి ఫోను చేయండి. శ్వాస ఆడుతుంటే మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, అంబులెన్సు వచ్చేవరకు పక్కనే ఉండండి. మిగిలిన పొడిని, ఖాళీ పొట్లాన్ని వైద్యుడికి చూపించండి.