ఇంట్లో బైపోలార్ ఉన్న మనిషి ఉంటే ముందు నిద్ర లెక్క చూడండి

మా తమ్ముడికి ఉన్నది బైపోలార్ అని తెలియడానికి మూడేళ్లు పట్టిందండి, అందులో సగం గాలి సోకిందని తాయెత్తులు కట్టించడానికే పోయింది. మా కోనసీమలో ఇంకో ఇంట్లో అలా జరక్కూడదని రాస్తున్నా.

బైపోలార్ అంటే కొన్నాళ్లు మేనియా అనే అతి హుషారు, కొన్నాళ్లు డిప్రెషన్ అనే దిగులు వచ్చిపోయే మానసిక జబ్బు. పొద్దున్న నవ్వి సాయంత్రం ఏడిస్తే బైపోలార్ కాదు. మేనియా అంటే వారం, ఆపైన మనిషి ఒకటే హుషారుగానో ఒకటే చిరాగ్గానో ఉండటం, రెండు గంటలు పడుకున్నా అలుపు లేకపోవడం, మాటకి అడ్డు లేకపోవడం, డబ్బు మంచినీళ్లలా ఖర్చుపెట్టెయ్యడం. కొంచెం తక్కువ మోతాదులో నాలుగు రోజులైనా ఉంటే హైపోమేనియా అంటారు. డిప్రెషన్ రెండు వారాలు, ఇంకా ఎక్కువే ఉంటుంది, స్నానం చెయ్యడం కూడా కొండ ఎక్కినంత పని.

మావాడికి రొయ్యల చెరువు దగ్గర మొదలైంది. ఏరియేటర్ ఆగితే ఆక్సిజన్ పడిపోతుందని వరసగా రాత్రుళ్లు మేలుకున్నాడు, రొయ్యలు పట్టెయ్యడం అయిపోయాక కూడా నిద్ర రాలేదు. ఓ రోజు తెల్లారి చూస్తే కొబ్బరితోటంతా ముగ్గుపిండితో గదులు గీసేసి ఉన్నాయి, రిసార్ట్ కడతాడంట, మేస్త్రికి అడ్వాన్స్ కూడా ఇచ్చేశాడు. మేమేమో పిల్లోడు ప్రయోజకుడయ్యాడని మురిసిపోయాం.

అందుకే గోడ కేలండర్ మీద రోజూ ఎన్ని గంటలు పడుకున్నారో రాయండి. వరసగా రెండు మూడు రాత్రులు నిద్ర తగ్గి, అయినా హుషారుగా ఉంటే ఆగకుండా సైకియాట్రిస్ట్‌కి ఫోన్ చెయ్యండి. చాలామంది దిగులుగా ఉన్నప్పుడే డాక్టర్ దగ్గరికెళ్తారు, అప్పుడు పాత హుషారు రోజుల సంగతి కూడా తప్పకుండా చెప్పండి, అది తెలీక ఒట్టి డిప్రెషన్ మందులే ఇస్తే మేనియా ఎగదన్నొచ్చు. మావాడికి అదే అయింది, మేం చెప్పలేదు మరి.

మందుల్లో పాతది, ఇప్పటికీ గట్టిది లిథియం, మేనియాకి పని చేస్తుందని 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టర్ రాశారు. దీనికి రక్తపరీక్ష తప్పదు, మాత్ర వేసుకున్న 12 గంటలకి రక్తమివ్వాలి, రక్తంలో లిథియం మామూలుగా లీటరుకి 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండేలా చూస్తారు, కిడ్నీ, థైరాయిడ్ కూడా చూపించుకుంటూ ఉండాలి. మన ఎండల్లో చెమటలు కారిపోయినా, విరేచనాలైనా, ఉన్నట్టుండి ఉప్పు మానేసినా లిథియం ఒంట్లో పెరిగిపోతుంది. ఒళ్లునొప్పులని మెడికల్ షాపులో ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ అడిగి వేసుకోకండి, వాటితో కూడా లిథియం పెరుగుతుంది. వాంతులు, చేతులు బాగా వణకడం, తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే తర్వాతి మాత్ర వెయ్యకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇదే జబ్బుకి ఇచ్చే ఇంకో మందు వాల్‌ప్రోయేట్, అది వాడే ఆడపిల్లలైతే పెళ్లి, పిల్లలు అనుకోకముందే డాక్టర్‌తో మాట్లాడాలి, కడుపులో బిడ్డకి చేటు చేసే మందు అది.

బాగానే ఉన్నా కదా అని మాత్రలు ఆపేస్తారు చూడండి, అక్కడే మళ్లీ తిరగబెడుతుంది. బాగున్నప్పుడే కూర్చోబెట్టి మాట్లాడుకోండి, మళ్లీ అలా అయితే ఏటీఎం కార్డు, బండి తాళాలు ఎవరి దగ్గరుండాలి అని. మావాడు తనే నా పేరు చెప్పాడు.

దిగులు రోజుల్లో పొలం పురుగుమందు ఇంట్లో ఉంచకండి, దూరంగా తాళంలో పెట్టించండి. చచ్చిపోతానన్న మాట వస్తే ఒంటరిగా వదలొద్దు, తిట్టొద్దు, పక్కన కూర్చుని ఆసుపత్రికి బయల్దేరండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఏ రాత్రయినా ఫ్రీగా చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.