ఇంట్లో చెక్క పనికి పర్మిట్, ఇన్‌స్పెక్షన్: ఎలా చేయాలి?

గోడ మూసేశాక లోపలి చెక్క ఎలా ఉందో ఎవరికీ తెలియదు. అందుకే మూయకముందే చూపించాలి. మిగతా పనంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

మీ ఇల్లు అమెరికాలో ఉంటే ముందు, మీ పనికి బిల్డింగ్ ఆఫీసు పర్మిట్ కావాలో లేదో తేల్చుకోండి. క్యాబినెట్లు, రంగులు లాంటి ఫినిషింగ్ పనులకు సాధారణంగా అక్కర్లేదు. బరువు మోసే గోడ తీయాలన్నా, మెట్లు కట్టాలన్నా కావాలి. డెక్, అంటే ఇంటి బయట వేసే చెక్క అరుగు, సంగతే కాస్త మెలిక. అమెరికాలో చాలా చోట్ల పాటించే ఇళ్ల నిర్మాణ నియమావళి ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ మినహాయింపు ఇవ్వాలంటే డెక్ 200 చదరపు అడుగులు మించకూడదు, నేల నుంచి 30 అంగుళాల ఎత్తు దాటకూడదు, ఇంటికి తగిలించకూడదు, ఇంటి ముఖ్య ద్వారానికి దారి కాకూడదు. ఈ నాలుగింటిలో ఒక్కటి తప్పినా పర్మిట్ తీసుకోవాల్సిందే. స్థానికంగా రూల్స్ మారుతుంటాయి కాబట్టి బిల్డింగ్ ఆఫీసుకు ఒక ఫోన్ చేయండి.

తర్వాత అప్లికేషన్. డ్రాయింగ్‌లో కొలతలు, చెక్క సైజు, దూలాల మధ్య దూరం, పునాది లోతు రాయండి. కాంట్రాక్టర్ “పర్మిట్ మీ పేరు మీదే తీసుకోండి” అంటే వెంటనే ఒప్పుకోకండి. అలా తీసుకుంటే బాధ్యత మీ మీద పడుతుంది.

పని మొదలయ్యాక, పునాది గుంతలు తవ్వి కాంక్రీటు పోయకముందు ఒకసారి ఇన్‌స్పెక్టర్‌ను పిలవాలి. అసలైనది ఫ్రేమింగ్ ఇన్‌స్పెక్షన్, అంటే గోడల, ఫ్లోరు లోపలి చెక్క చట్రాన్ని చూడటం. ప్లంబింగ్, వైరింగ్ లైన్లు వేసిన తర్వాతే ఇది జరుగుతుంది, ఎందుకంటే బాగున్న దూలాన్ని పాడుచేసేది తరచూ ఆ పైపుల కోసం కొట్టే రంధ్రాలే. టేపు పట్టుకుని ముందు మీరే చూడండి. ఫ్లోరును మోసే దూలంలో (జాయిస్టులో) రంధ్రం దాని నిలువు కొలతలో మూడో వంతు మించకూడదు, పై అంచుకూ కింది అంచుకూ 2 అంగుళాల దూరం ఉండాలి. పొడవులో మధ్య మూడో భాగంలో అంచు కోసి గాడి పెట్టారా? వెంటనే పని ఆపించండి. దూలం ఎక్కువగా వంగేది అక్కడే.

ఒక్కో మెట్టు ఎత్తు 7¾ అంగుళాలు దాటకూడదు. అన్నిటికంటే ఎత్తైన మెట్టుకూ పొట్టి మెట్టుకూ తేడా 3/8 అంగుళం లోపే ఉండాలి. కింది, పై ఫ్లోర్లకు టైల్స్ వేశాక మొదటి మెట్టు, చివరి మెట్టు కొలతలు మారిపోతాయి. ఆ మందం ముందే లెక్కలో వేసుకోండి. చీకట్లో దిగే ముసలివాళ్ల కాలికి ఆ తేడా బాగా తెలుస్తుంది.

ఫెయిల్ అయితే టెన్షన్ పడకండి. లోపాలు రాయించుకుని, సరిచేసి, మళ్లీ పిలవండి. పాస్ అయ్యేదాకా గోడ మూసే జిప్సం బోర్డు ఒక్కటి కూడా బిగించనివ్వకండి. ఫైనల్ ఇన్‌స్పెక్షన్ కాగితం ఇంటి పత్రాలతో కలిపి దాచండి, ఇల్లు అమ్మేటప్పుడు అడుగుతారు.